సొట్టతో సహా

గవర్రాజు చేసిన తప్పల్లా ఒక్కటే. ఎన్‌లార్జరు ఇప్పించండి మహాప్రభో అని పైవాళ్ళకి పదకొండేళ్ళు అర్జీలు పెట్టుకుని, పన్నెండో ఏడు విసుగెత్తి, తనే ఒకటి చేసుకున్నాడు. అర్జీలతోనే సరిపెట్టుకుని ఉంటే రాష్ట్రంలో మూడువందల గదుల నేలలు పగిలేవి కావు, తొమ్మిదిమంది పిల్లలు పరీక్ష తప్పేవాళ్ళు కాదు, అతని ఉద్యోగం అతనికుండేది. ఏం చేస్తాం, కొందరికి చేతులు ఊరుకోవు.

అతను కొత్తలంక ప్రభుత్వ వృత్తికళల పాఠశాలలో ఫొటోగ్రఫీ మాస్టారు. ఎన్‌లార్జరంటే మరేం కాదు, బొటనవేలంత నెగటివ్‌లోంచి వెలుతురు పంపి, కాగితం మీద పెద్ద బొమ్మగా దించే యంత్రం. అది లేకుండా ఫొటోగ్రఫీ నేర్పడమంటే పొయ్యి లేకుండా వంట నేర్పడమే. పిల్లలు ఏడాది పొడుగునా ఫొటోలు తీసి, డార్క్‌రూములో నెగటివ్‌లు కడిగి, వాటిని కిటికీకి అడ్డం పెట్టి చూసుకుని మురిసిపోయేవాళ్ళు. తాము తీసిన ఫొటో ఎలా ఉంటుందో వాళ్ళకి తెలిసేది కాదు. అది చూడలేకే గవర్రాజు పూనుకున్నాడు.

ఓ పాలపిండి డబ్బా తీసుకుని అందులో బల్బు పెట్టాడు. వేడి పోవడానికి పైన మేకుతో పాతిక బెజ్జాలు కొట్టాడు. డబ్బా అడుగు కోసేసి రెండు భూతద్దాలు బిగించాడు. భజన మందిరంలో ఎలకలు కొట్టేసిన హార్మోనీ తిత్తి అడిగి తెచ్చుకుని, దానికి పాత కెమెరా కన్నొకటి తగిలించాడు. బోరింగు గొట్టం ముక్కని స్తంభంలా నిలబెట్టి, విరిగిన బెంచీ చెక్క మీద బిగించాడు. మధ్యలో డబ్బా ఓసారి అటక మీంచి జారిపడి ఓ పక్క సొట్టపోయింది. సొట్టవల్ల వచ్చిన నష్టం లేదు గనక అలాగే వదిలేశాడు.

ఇక వాడకంలో అతని పద్ధతులు అతనికున్నాయి. డార్క్‌రూము నేల, నీళ్ళు పోవడానికి, తూముకేసి వాలుగా ఉండేది. యంత్రం పెట్టిన బల్ల ఊగకుండా ఓ కాలి కింద పోస్టుకార్డు నాలుగు మడతలు పెట్టి దోపాడు. బల్బు వేయగానే డబ్బా బెజ్జాల్లోంచి గదంతా వెలుతురు చిమ్ముతుంది, చిమ్మితే ఫొటో కాగితం నల్లబడి చస్తుంది. అందుకని ఆ కాసేపూ తన భుజం మీది నల్ల తువ్వాలు తీసి డబ్బా మీద కప్పేవాడు. గడియారం లేదు గనక పదహారో ఎక్కం పైకి చదివేవాడు. ‘పదహారు పదుల నూట అరవై’ అనేసరికి ఇరవై సెకన్లు. బల్బు ఆర్పేసేవాడు.

అలా వేసిన మొట్టమొదటి ఫొటో పంపన సత్యవేణిది. చేపల బజారులో కూర్చున్న తన పిన్నిని తీసిందా పిల్ల. ట్రేలో మందునీళ్ళలో ఊపుతూ ఉంటే తెల్లకాగితం మీద ముందు జుట్టు, ఆనక కళ్ళు, ఆ తర్వాత చేతిలోని కత్తిపీటా తేలుకుంటూ వచ్చాయి.

“మేస్టారండీ, మా పిన్నండీ! తిట్టబోతన్నట్టే ఉందండీ!” అని సత్యవేణి కేకపెట్టింది.

గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. పదకొండేళ్ళ అర్జీలకీ అప్పుడొచ్చింది జవాబు.

సత్యవేణికి ఒక్కటే ఆశ. పాసై సర్టిఫికెట్ తెస్తే బజారులో తన ఇంటి ముందుగది స్టూడియోకి ఇస్తానని వాళ్ళ మావయ్య మాటిచ్చాడు. తేకపోతే ఆ గది ఎరువుల కొట్టుకి పోతుంది. మిగతా ఎనిమిదిమందివీ ఇంచుమించు అలాంటి ఆశలే. ఏప్రిల్లో పరీక్ష. ఒక్కొక్కళ్ళూ పన్నెండేసి ఫొటోలు తమ చేత్తో ప్రింటు వేసి చూపించాలి. ఈ ఏడు చూపించగలరు. గవర్రాజు ఏప్రిల్ కోసం చిన్నపిల్లాడిలా రోజులు లెక్కపెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వృత్తికళా శిక్షణ శాఖ సంచాలకులు ముక్కామల వేదాద్రి గారికి ఉత్సాహం పుట్టింది. అధికారులకి ఉత్సాహం పుట్టడం మామూలు జనానికి ఎప్పుడూ మంచిది కాదు. ఆయన ఏదో విదేశంలో పదిహేను రోజులు పర్యటించి వచ్చారు. అక్కడ మనుషులు తమ బల్లలు తామే చేసుకుంటారనీ, తమ గోడలకి తామే సున్నం కొట్టుకుంటారనీ చూసి విస్తుపోయారు. ఇక్కడ కూడా జనం ఆ పనులు చేసుకుంటారని ఆయనకి తెలియదు, ఎందుకంటే వారింట్లో చేసుకోరు. వచ్చీ రాగానే ‘స్వహస్త పథకం’ ప్రకటించారు. ‘మన పరికరం మన చేత్తోనే’ అని శాఖ గోడలన్నిటి మీదా పెయింటర్లని పెట్టి రాయించారు.

ఆ ఊపులో బడులు చూడ్డానికి బయల్దేరి జనవరిలో కొత్తలంక వచ్చారు. వెంట ప్రమాణాల అధికారి నిట్టల చిదంబరం గారు. ఫైలు లేకుండా చిదంబరం గారిని ఎవరూ చూసి ఎరగరు. డార్క్‌రూము తలుపు మీద ‘లోపల పని జరుగుతున్నది, తెరవరాదు’ అని ఉంది. అధికారులకి ఆ మాట వర్తించదు గనక వేదాద్రి గారు తలుపు బార్లా తెరిచారు. ట్రేలో ఉన్న నాలుగు ఫొటోలు అక్కడికక్కడే నల్లబడ్డాయి.

“ఈ యంత్రం ఏ సంస్థ సరఫరా చేసింది?” అన్నారు వేదాద్రి గారు.

“ఏ సంస్థా కాదండి. నేనే చేసుకున్నానండి.”

“ఏ ఉత్తర్వు ప్రకారం?”

గవర్రాజు చేతులు కట్టుకున్నాడు. “ఉత్తర్వేం లేదండి. అవసరమై...”

“అవసరమై!” వేదాద్రి గారు చిదంబరం గారివైపు తిరిగారు. “విన్నారా? వ్రాసుకోండి. స్వహస్త స్ఫూర్తి ఉత్తర్వుకు పూర్వమే క్షేత్రస్థాయిలో ఆవిర్భవించియున్నది.”

చిదంబరం గారు వ్రాసుకున్నారు. వేదాద్రి గారు చలించిపోయి డబ్బాని ప్రేమగా నిమిరి, చెయ్యి చుర్రుమని వెనక్కి లాక్కున్నారు. “ఇటువంటివి మూడువందలు కావాలి. పాఠశాలకొకటి. యథాతథంగా.”

గవర్రాజుకి భయంపోయి ఆనందం వచ్చింది. “తప్పకుండా అండి! ఒక్క వారం మాస్టార్లందర్నీ పిలిపించండి, ఎలా చేసుకోవాలో నేను చెబుతానండి. ఎవరికి దొరికిన డబ్బాతో వాళ్ళు, ఎవరికి దొరికిన గొట్టంతో వాళ్ళు...”

వేదాద్రి గారు జాలిగా నవ్వారు. “చూడండి గవర్రాజుగారూ. ఎవరికి తోచినట్లు వారు చేసుకుంటే దానిని స్వహస్తం అనరు, అరాచకం అంటారు.”

వారం తిరక్కుండా చిదంబరం గారి అధ్యక్షతన ఆరుగురు సభ్యుల కొలతల సంఘం దిగింది. చీకట్లో తీసిన కొలతలు చెల్లవని యంత్రాన్ని వరండాలోకి మోయించారు. ఎండ దంచేస్తోంది. గవర్రాజు తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. సభ్యులు బెజ్జాలు లెక్కపెట్టారు. గొట్టం మీది తుప్పు మచ్చల్ని కాగితం వేసి అద్దుకున్నారు. తర్వాత సొట్ట దగ్గర ఆగారు.

“సొట్ట లోతు?” అన్నారు చిదంబరం గారు.

“పదకొండు మిల్లీమీటర్లు సార్.”

“దిశ?”

“ఆగ్నేయం సార్.”

గవర్రాజు ఉండబట్టలేక, “అది ఉత్తి సొట్టండీ బాబూ. డబ్బా కిందపడిందండి” అన్నాడు.

“ఎంత ఎత్తునుంచి?”

“అటక మీంచండి.”

“వ్రాసుకోండి. అటక ఎత్తు నుంచి పతనము.”

పోస్టుకార్డు మడతలు విప్పారు. గవర్రాజు బావమరిది రాసిన ఉత్తరం అది. గేదె ఈనిందనీ, జున్నుకి అక్కని పంపమనీ అందులో ఉంది. చిదంబరం గారు రెండుసార్లు చదివి, ‘వాడిన పోస్టుకార్డు ఒకటి, విషయము పశుసంవర్ధనము’ అని చెప్పి రాయించారు. ఎక్కం ఒప్పజెప్పమన్నారు. ‘పదహారు ఏళ్ళ నూట పన్నెండు’ దగ్గర గవర్రాజుకి దగ్గొచ్చింది. దగ్గుతో కలిపి ఇరవై రెండు సెకన్లని రాసుకున్నారు.

“ఈ తువ్వాలు కూడా రాసుకోండి” అన్నాడు గవర్రాజు. “ఇది డబ్బా మీద కప్పకపోతే ఒక్క ఫొటో రాదండి.”

చిదంబరం గారు తువ్వాలుని కళ్ళజోడు పైనుంచి చూశారు. “అది దుస్తుల క్రిందికి వస్తుంది. ఈ సంఘము పరికరములకు మాత్రమే. దుస్తులు యూనిఫారముల విభాగము వారి పరిధి.”

యంత్రాన్ని గోనెలో చుట్టి లక్కముద్ర వేసి జీపెక్కిస్తుంటే గవర్రాజు వెనకాలే పరుగెత్తాడు. “అయ్యా, పిల్లలకి ఏప్రిల్లో పరీక్షండి. ప్రింట్లు దేంతో వేసుకోమంటారు?”

“ఆ లోపల ప్రామాణిక యంత్రము వచ్చును.”

“అందాకా ఇంకోటి చేసేసుకుంటానండి. నాలుగు రోజుల పని.”

చిదంబరం గారు ఫైలు తెరిచి కాగితం ఒకటి చేతికిచ్చారు. పథకం అమలులోకి వచ్చిన తేదీ నుంచి ఎవరూ స్వహస్త పరికరములను తమ చేతులతో తయారు చేయరాదని నాలుగో నిబంధన. గవర్రాజు దాన్ని రెండుసార్లు చదివాడు. తెలుగే. జీపు వెళ్ళిపోయింది.

ప్రామాణిక యంత్రం మార్చిలో వచ్చింది. పట్నంలో ఓ కార్ఖానాకి పని అప్పగించారు. అక్కడ అటకలు కట్టించి, డబ్బాల్ని పైనుంచి పడేసి, సొట్ట సరిగ్గా ఆగ్నేయంలో పదకొండు మిల్లీమీటర్లు పడేవరకు విసుక్కోకుండా పడేశారట. ఒక్కో మంచి సొట్టకి పది డబ్బాలు పాడయ్యాయట. తుప్పు మచ్చల్ని రంగుతో దిద్దారు. మూడువందల పోస్టుకార్డుల మీద ఒకే గేదె ఈనింది. డబ్బా మీద ‘స్వహస్తాలతో తయారైనది, విప్పరాదు, ఏదియు కప్పరాదు’ అని రేకు బిళ్ళ అంటించి ఉంది.

వెంటనే గొడవ మొదలైంది. మిగతా బడుల్లో నేలలు మట్టంగా ఉన్నాయి. మట్టం నేల మీద ఒక కాలి కింద పోస్టుకార్డు పెడితే బల్ల ఊగుతుంది, బల్ల ఊగితే బొమ్మ అలుక్కుపోతుంది. జిల్లాల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. వేదాద్రి గారు రాజధానిలో సమావేశం పెట్టి గవర్రాజుని పిలిపించారు. పెద్ద బల్ల చుట్టూ ఇరవైమంది అధికారులు కూర్చున్నారు.

“పోస్టుకార్డు తీసేస్తే సరిపోద్దండీ” అన్నాడు గవర్రాజు.

అందరూ అతన్ని పెళ్ళిపందిట్లో చావు కబురు చెప్పినవాణ్ణి చూసినట్టు చూశారు.

చిదంబరం గారు గొంతు సవరించుకున్నారు. “పోస్టుకార్డు ఆమోదిత జాబితాలో పదిహేడవ అంశము. దానిని తొలగించవలెనన్నచో జాబితా సవరణ, దానికి సంఘము పునర్నియామకము, దానికి ప్రభుత్వ అనుమతి అవసరము. నేల ఏ జాబితాలోనూ లేదు. కనుక నేలను మార్చుటకు అడ్డంకి కనిపించుట లేదు.”

అందరూ తలలూపారు. ఆ నెలాఖరుకి మూడువందల బడుల్లో గదుల నేలలు పగలగొట్టి, తూముకేసి వాలు పెట్టారు. తూము లేనిచోట వాలు గోడకేసి పెట్టారు. కొత్తలంక నేల ముందే వాలుగా ఉంది గనక దాన్నీ పగలగొట్టి, అదే వాలులో మళ్ళీ వేశారు.

బల్లలు ఊగడం మానేశాయి. ఇప్పుడు ఫొటోలు నల్లగా వస్తున్నాయి. మసగ్గా కాదు, చారికలుగా కాదు, కాకి రెక్కంత నలుపు. పెళ్ళికూతురిని వేసినా నలుపే, గోపురాన్ని వేసినా నలుపే. గవర్రాజుని మళ్ళీ పిలిపించారు. ఈసారి అతను సంచిలోంచి తువ్వాలు తీసి బల్లమీద పరిచాడు.

“ఇదండి కావలసింది. నల్లది. గుడ్డముక్కండి అంతే. బెజ్జాలు కప్పకపోతే వెలుతురు చిమ్ముద్దండి, కాయితం చెడిపోద్దండి. ఇందుకు సంఘాలెందుకండీ!”

యూనిఫారముల విభాగం అధికారి లేచి, ఉపాధ్యాయులకి నిర్ణయించిన తువ్వాలు తెల్లదనీ, నల్లగుడ్డ నిరసనకి చిహ్నంగా పరిగణించబడుతుందనీ తెలియజేశారు. గవర్రాజు తువ్వాలు తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

వేదాద్రి గారు అంతసేపూ కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నారు. కళ్ళు తెరిచి, “మూడువందల యంత్రములూ నల్లగానే ఇస్తున్నాయా?” అని అడిగారు.

“ఆయ్ అండి. ఒక్కటీ తప్పలేదండి” అన్నాడు గవర్రాజు.

“కొత్తలంకలో ఎంత నలుపో ఇచ్ఛాపురంలోనూ అంతే నలుపా?”

“అంతేనండి.”

వేదాద్రి గారి ముఖం వెలిగిపోయింది. “చిదంబరంగారూ, ఏకరూపత! ఇంతవరకు ఏ రాష్ట్రమూ సాధించలేదు!”

చప్పట్లు మోగాయి. గవర్రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయాడుగాని చప్పట్లలో వినబడలేదు. ఆ సాయంత్రమే నిపుణుల సంఘం కూర్చుని ఏప్రిల్ పరీక్షకి మూల్యాంకన సూత్రాలు సవరించింది. ఇకనుంచి ఫొటోలో బొమ్మ ఎంత బాగుందో కాదు, నలుపు ఎంత చిక్కగా, ఎంత సమంగా ఉందో చూసి మార్కులు వేస్తారు.

ఊరికి తిరిగొచ్చి పిల్లలకి సంగతి చెప్పాడు.

“అంటే నల్లకాయితాలు పన్నెండు పట్టికెళ్తే పాసండీ?” అంది సత్యవేణి.

“ఆఁ.”

“కెమెరాతో పన్లేదండీ?”

“లేదు.”

“మరి మీరు రెండేళ్ళు నేర్పిందంతా ఏమైపోవాలండీ? నేను నల్లకాయితం పట్టికెళ్ళనండి. మా పిన్ని ఫొటో పట్టికెళ్తాను. చూస్తే మనుషులన్నాక తెలీకుండా ఉంటదండీ?”

గవర్రాజు వారించి ఉండాల్సింది. లోకం తెలిసినవాడైతే వారించేవాడే. కానీ ఫొటో చూసినవాడికి నిజం కనబడకపోదని అతనూ నమ్మాడు. నాలుగో నిబంధనని చుట్టచుట్టి గూట్లో పారేసి, తొమ్మిదిమందినీ ఇంటికి రమ్మన్నాడు. స్నానాలగది కిటికీలకి గోనెలు కట్టి డార్క్‌రూము చేశాడు. ఈసారి ఎవరి ఎన్‌లార్జరు వాళ్ళచేతే చేయించాడు. ఒకరు బిస్కట్ల డబ్బా తెచ్చారు, ఒకరు నెయ్యి డబ్బా, ఒకరు కిరోసిన్ పొయ్యి తొడుగు. సత్యవేణి వాళ్ళ పిన్ని చేపలబుట్టకి కట్టే తాడుతో తిత్తిని వేలాడదీసింది. గవర్రాజు ఊహించనైనా లేదు అది అంత బాగా పనిచేస్తుందని. తొమ్మిదీ తొమ్మిది రకాలు. తొమ్మిదింట్లోనూ బొమ్మ సూదిమొనలా పడింది. ఆ పది రోజులూ గవర్రాజు భార్య కాలవకి వెళ్ళి స్నానం చేసింది, ఒక్క మాట అనకుండా.

పరీక్షకి చిదంబరం గారే వచ్చారు. మిగతా బడుల పిల్లల నల్లకాగితాలన్నీ అట్టపెట్టెల్లో వెంట ఉన్నాయి, పోలిక కోసం. సత్యవేణి తన పన్నెండు ఫొటోలు బల్లమీద పరిచింది. పిన్ని, కత్తిపీట, రేవులో పడవ తాడు చుడుతున్న ముసలాయన చేతులు, వానలో సైకిలు.

చిదంబరం గారు ఒక్కొక్కటీ తీసి చూశారు. పిన్ని ఫొటో దగ్గర ఓ క్షణం చెయ్యి ఆగింది.

“ఇందులో ఎవరో కనబడుచున్నారే” అన్నారు చిదంబరం గారు.

“మా పిన్నండి.”

“ఆమెకు అనుమతి ఉన్నదా?”

“ఫొటో అంటే కనబడాలి కదండీ.”

“అది పూర్వపు నిర్వచనము.” ఆయన నలుపు కొలిచే పట్టీ తీసి ఫొటో పక్కన పెట్టారు. “నలుపు నూటికి ఇరవై. అదియు సమముగా లేదు. జుట్టు వద్ద ఎక్కువ, ముఖము వద్ద బొత్తిగా లేదు. ఇది ఏ యంత్రముపై చేసితివి?”

“నేనే చేసుకున్నదాని మీదండి.”

“నీ చేతులతోనా?”

“నా చేతుల్తోనేనండి!”

చిదంబరం గారు నిట్టూర్చి సున్నా చుట్టారు. మధ్యాహ్నానికి తొమ్మిది సున్నాలయ్యాయి. వారం తర్వాత గవర్రాజుకి మెమో వచ్చింది. స్వహస్త పథకానికి విరుద్ధంగా స్వహస్తాలతో పరికరం చేసినందుకూ, విద్యార్థులచేత చేయించినందుకూ అతన్ని ఉద్యోగం నుంచి తొలగించారు. మెమో కింద మళ్ళీ ‘మన పరికరం మన చేత్తోనే’ అని ముద్ర ఉంది. గవర్రాజుకి ఉద్యోగం పోయినందుకు ఏడుపు రాలేదుగాని, సత్యవేణి ఎదురొస్తే తల తిప్పుకుని సందులోంచి వెళ్ళిపోయేవాడు. ఆ గది ఎరువుల కొట్టుకిచ్చేస్తున్నారని అతనికి తెలిసింది.

రాష్ట్రంలో మిగిలినవాళ్ళందరూ పాసయ్యారు. నూటికి నూరు. పాసైన ప్రతివాడికీ ఒక ప్రామాణిక యంత్రం ఇచ్చి, ఊరూరా స్టూడియోలు పెట్టించారు. కొత్తలంక బజారులోనే రెండు వెలిశాయి. రంగు బోర్డులు, గోడకి సర్టిఫికెట్లు, పూలదండలు. వాలు నేలలు కూడా.

ఆ వేసవిలోనే రైతుల పాసుపుస్తకాలకి ఫొటోలు అంటించాలని తాలూకా ఆఫీసు చాటింపు వేయించింది. రైతులు కొత్త బట్టలు కట్టుకుని, తలకి నూనె రాసుకుని వెళ్ళి, నల్లకాగితాలు తెచ్చుకున్నారు. తాలూకా ఆఫీసువాళ్ళు వాటిని వెనక్కి కొట్టారు. స్టూడియోవాళ్ళు తమ సర్టిఫికెట్ చూపించి, ఫొటో సవ్యంగానే ఉందనీ, లోపం రైతు ముఖంలో ఉందేమో చూసుకోమనీ చెప్పారు. సత్యవేణి మావయ్య మూడుసార్లు దిగాడు. మూడోసారి నల్లకాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, వసారాలో తగిలించి ఉన్న పిన్ని ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఏవే, ఇది తీసింది నువ్వేనా?” అన్నాడు.

“నేనే మావయ్యా. దానికే ఫెయిలు చేశారు.”

మావయ్య ఎరువుల బస్తాలు దింపడానికొచ్చిన బండిని వెనక్కి పంపేశాడు.

సత్యవేణి సొంత ఎన్‌లార్జరు ముందుగదిలోకొచ్చింది. గవర్రాజుని ఆ పిల్లే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డార్క్‌రూములో కూర్చోబెట్టింది. మొదట మావయ్య ఫొటో వచ్చింది. మర్నాడు పదిమంది వచ్చారు, వారానికి వీధి చివరిదాకా వరస. మిగతా ఎనిమిదిమందీ తలో ఊళ్ళో తమ డబ్బాలతో దుకాణాలు తెరిచారు. జనం తెలివి మీరిపోయారు. ఫొటోకి కూర్చునే ముందు, పెళ్ళిసంబంధం తెచ్చినవాణ్ణి అడిగినట్టు ఆరా తీసేవాళ్ళు.

“నువ్వు పాసయ్యావా అమ్మాయ్?”

“లేదండి, ఫెయిలేనండి.”

“ఒక్క సబ్జెక్టా, మొత్తమా?”

“మొత్తమండి. సున్నా అండి.”

“అయితే తియ్యి తల్లీ” అని ధీమాగా కుర్చీలో కూర్చునేవాళ్ళు.

శ్రావణమాసంలో ఓ పొద్దున్న ముందుగది దగ్గర జీపు ఆగింది. వేదాద్రి గారు ఒక్కరే దిగారు. స్వహస్త పథకం గురించి ఉపన్యసించడానికి ఆయనకి మళ్ళీ విదేశం నుంచి పిలుపొచ్చింది. పాస్‌పోర్టుకి ఫొటో కావాలి. ఏడు ప్రామాణిక స్టూడియోల్లో దిగితే ఏడూ ‘ముఖము కనబడుట లేదు’ అని తిరిగొచ్చాయి. ఎల్లుండితో గడువు. ఆయన అటూ ఇటూ చూసి లోపలికొచ్చి గొంతు తగ్గించారు.

“అమ్మా, నీవు... ఉత్తీర్ణురాలివి కాదు గదా?”

“ఆయ్, కాదండి.”

“సంతోషం” అని కుర్చీలో కూలబడ్డారు.

మాటలు విని గవర్రాజు డార్క్‌రూములోంచి తడిచేతులతో బయటికొచ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. వేదాద్రి గారు గోడవైపు తిరిగారు. గవర్రాజు ఎన్నో రోజులుగా మనసులో పెట్టుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాడు. అంతకంటే కావలసిన పని ఉంది.

“ఫొటో తీస్తామండి. చక్కగా వేసి ఇస్తానండి. నా ఉద్యోగం నాకక్కర్లేదు. ఈ తొమ్మిదిమంది పిల్లల్నీ పాస్ చేయించండి. వాళ్ళ తప్పేం లేదండి, నేనే చెడగొట్టాను వాళ్ళని.”

వేదాద్రి గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. “ఓస్, ఇంతేనా! ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా ఉత్తీర్ణులుగా భావించడమైనది అని ఒక్క వాక్యం. ఇప్పుడే ఇస్తాను.” సంచిలోంచి శాఖ పేరున్న కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. తొమ్మిది పేర్లలో మొదటి పేరు అడిగారు.

“పంపన సత్యవేణి అండి” అన్నాడు గవర్రాజు.

కెమెరాలో ఫిల్ము ఎక్కిస్తున్న సత్యవేణి ఆ మాట విని తిరిగి చూసింది. కాగితం చూసింది, కలం చూసింది. ఒక్క అంగలో వచ్చి వేదాద్రి గారి కలం పట్టేసుకుంది.

“వద్దండి! మేస్టారండీ, మీ కాళ్ళకి దండం పెడతాను, ఆ కాయితం రాయించకండి! నేను పాసయ్యానని ఊళ్ళో తెలిస్తే రేపట్నుంచి నా గుమ్మం ఎవరు తొక్కుతారండీ? మావయ్య ఈ గది ఉంచుతాడాండీ?”

వేదాద్రి గారు ఏమీ అర్థం కాక కలం వదిలేశారు. గవర్రాజుకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఒకటి గుర్తొచ్చింది. ఆ కాగితమే అన్నం పెడుతుందని పదకొండేళ్ళపాటు ఏడాదికొక జట్టు పిల్లలకి చెప్పింది తనే. దానికోసమే అర్జీలు, దానికోసమే డబ్బా, దానికోసమే ఈ పిల్లల ముందు తలదించుకు తిరగడం. అతను వేదాద్రి గారి మోకాలి మీంచి కాగితం తీసుకుని, మొదటి పేరు దగ్గర్నుంచి అడ్డంగా చింపేశాడు.

“కూర్చోమనమ్మా ఆయన్ని” అని సత్యవేణితో చెప్పి, బల్బు సరిచూసుకోడానికి లోపలికి వెళ్ళాడు.

“గడ్డం కొంచెం పైకెత్తండి” అంటోంది సత్యవేణి బయట. “కదలకండి. మీ ముఖం ఎలా ఉందో అలాగే వస్తదండి, తర్వాత నన్ననుకోకూడదు.”